మరచెంబు నీళ్లు

చింతలబంద జనానికి తాయారమ్మ కంటే ముందు ఆమె మరచెంబు కనబడేది. కొండదారి మలుపులో ఎండకు ఆ ఇత్తడి తళుక్కుమనగానే పోడు చేలల్లో ఉన్న ఆడవాళ్లు, సంగం అమ్మ వస్తన్నాది అని ఊళ్లోకి కేకేసేవారు. ఆమె వచ్చేసరికి గురమ్మ ఇంటి అరుగు మీద చాప పడేది. కుండలోంచి, ఎండిన ఆనపకాయ తొలిచి చేసిన ఆనపబుర్రతో నీళ్లు ముంచుకుని గురమ్మ ఎదురొచ్చేది. ఇంటికొచ్చిన మనిషికి మాటకన్నా ముందు నీళ్లివ్వడం ఆ సవరల ఊళ్లో మర్యాద. తాయారమ్మ నవ్వి, తన చెంబు ఎత్తి చూపించి, నాకున్నాయిలే అనేది. గురమ్మ ఆ నీళ్లు తనే తాగేసి బుర్ర గోడకు తగిలించేది. వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఎవరూ దాన్ని పట్టించుకున్నట్టు కనిపించేది కాదు.

ఎందుకు తాగవమ్మా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి తాయారమ్మ దగ్గర దివ్యమైన జవాబుంది. గెడ్డ నీళ్లలో, వాగు నీళ్లలో రోగాలుంటాయి, కాచి చల్లార్చినవే తాగాలి, నేను తాగేవి అవే, మీరూ అలాగే తాగండి. సేవాసంఘం వాళ్లు శిక్షణలో నేర్పిన మాటలే ఇవి. ఆ జవాబు ఎంత బాగుందంటే తాయారమ్మ కూడా దాన్ని నమ్మింది. కానీ పార్వతీపురంలో సంఘం ఆఫీసు కూజాలో నీళ్లు ఎవరూ కాచేవారు కాదు, అవి ఆమె గటగటా తాగేది. కొండ కింద ఊళ్లో కరణంగారింటి నూతినీళ్లు కాచారా లేదా అని ఒక్కనాడూ అడిగింది లేదు. రోగాలన్నీ కొండ మీది కుండల్లోనే కాపురం ఉన్నాయా అన్న ప్రశ్న ఆమెకు తట్టలేదు. తట్టకుండా జాగ్రత్తపడింది అంటే సబబు.

ఆమెది పొందూరు దగ్గర పల్లెటూరు, కలిగిన రైతుల ఇల్లు. పెళ్లయిన మూడో ఏడు మొగుడు పాము కరిచి పోయాడు. ఆ ఊళ్లో మారుమనువులు లేకపోలేదు గానీ, పెద్ద కమతం ఉన్న ఇంటికి అది నామోషీ. అందుకని తాయారమ్మ పుట్టింటికి వచ్చి, శుభకార్యం జరిగినప్పుడల్లా వెనకింట్లో కూర్చుని, పెళ్లికూతురి కంట పడకుండా పప్పు రుబ్బేది. ఎదురొస్తే కీడని మనిషిని పక్కకు తప్పుకోమంటే ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ బాధ పడలేకే తండ్రితో పోట్లాడి సంఘంలో చేరింది. తెల్లటి పొందూరు ఖద్దరు కట్టుకుని, సభల్లో నిలబడి, నీటికి కులం లేదు, గాలికి కులం లేదు అని ఆమె చెబుతుంటే సంఘం పెద్ద నరసింగరావుగారికి కళ్లు చెమర్చేవి. ఆయన రిటైరయిన ప్లీడరు, పాతకాలపు మంచిమనిషి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. తాయారమ్మ పుట్టింట్లో పాలేళ్లు తాగడానికి ఒక కొబ్బరిచిప్ప ఉండేది. దాన్ని గొడ్లసాల చూరులో దోపి ఉంచేవారు. దాహమేస్తే వాళ్లే చిప్ప తీసుకుని వాకిట్లో కూర్చుంటే, ఇంట్లోంచి ఎవరో వచ్చి ఎత్తునుంచి పోసేవారు. ఆ పని చిన్నప్పుడు తాయారుదే. చిప్పకు చెంబు తగలకుండా, చుక్క వెనక్కి చిందకుండా పోస్తుందని వాళ్లమ్మ ఊరంతా చెప్పుకునేది. సంఘంలో చేరాక ఆమె ఆ చిప్పను మరిచిపోయింది. చిప్పే ఆమెను మరిచిపోలేదు.

పని విషయంలో మాత్రం తాయారమ్మకు వంక పెట్టడానికి లేదు. చింతలబందలో ఏటా వానలు పడగానే బేది పట్టుకునేది. పైన పశువులూ పందులూ దిగే గెడ్డ నీరే కింద కుండల్లోకి వచ్చేది. గురమ్మ తన పిల్లల్లో ఇద్దరిని అలాగే పోగొట్టుకుంది. మిగిలిన కొడుకు పెళ్లాం దేముడమ్మ, ఆమె కూతురు అసిరి అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల. తాయారమ్మ చాప మీద కూర్చుంటే చాలు, అది తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ఆమె కొంగు నోట్లో పెట్టుకునేది. తాయారమ్మకు పిల్లలంటే ప్రాణం, కొంగు లాక్కునేది కాదు. సాయంత్రం బసకు వెళ్లాక ఆ చీర తడిపి గాని వంట దగ్గరికి పోయేది కాదు. కొండ దుమ్ము అని తనకు తానే చెప్పుకునేది.

రెండేళ్లు వానలు మొహం చాటేసి, జనం చోడంబలికి కూడా కరువు పడ్డాక, అరవై ఏడో సంవత్సరంలో సంఘానికి ఎక్కడినుంచో సిమెంటూ ఇనప గొట్టాలూ వచ్చాయి. కొండ మీద ఊట పుట్టే చోటే రాతి తొట్టి కట్టి, దానికి మూతవేసి, గొట్టంలో ఊళ్లోకి నీళ్లు దింపాలని నరసింగరావుగారి ఆలోచన. ఆయనకు మోకాళ్ల నొప్పులు, కొండెక్కలేడు. భారమంతా తాయారమ్మ మీద వేశాడు. ఊరిపెద్ద లక్ష్ముడు మొదట ఒప్పుకోలేదు. నేలమీద పారాల్సిన గెడ్డమ్మను ఇనప గొట్టంలో పెడితే ఊరికి మంచిది కాదన్నాడు. అప్పుడు గురమ్మ, నా పిల్లలిద్దరూ పోయినప్పుడు ఆ అమ్మ నేలమీదే పారుతున్నాది గదా అని అడిగింది. లక్ష్ముడు సరేనన్నాడు.

వేసవంతా శ్రమదానం. ఊరు ఊరంతా సిమెంటు బస్తాలు కావిళ్లతో కొండెక్కించారు. తాయారమ్మ కూడా నెత్తిన రాళ్లు మోసింది, అరికాళ్లు బొబ్బలెక్కినా మానలేదు. రోహిణి ఎండల్లో ఒకనాటి ఉదయం కొళాయి దగ్గర గొట్టం దగ్గినట్టు చప్పుడు చేసి, కాస్త బురద కక్కి, ఆ తరువాత తేటనీళ్లు పోసింది. తాయారమ్మ ఏడ్చేసింది. అందులో నటన ఏమీ లేదు.

నీళ్లు వచ్చాయి గదా, ఇక తాగండి అంది. ఎవరూ తాగలేదు. లక్ష్ముడు వచ్చి నెమ్మదిగా చెప్పాడు. వాళ్లు కొత్త మామిడికాయ గాని కొత్త కంది గాని పండగ చేసుకోకుండా నోట పెట్టరు. దాన్ని 'కొత్త' అంటారు. నీళ్లకు కొత్త చెయ్యడం తాతల నాడు లేదు, తాతల నాడు గొట్టం నీళ్లూ లేవు. అందుకని ఊరంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఈ నీళ్లకూ కొత్త చేస్తారు. ఎవరు తెచ్చారో వాళ్లు మొదటి గుక్క తాగాలి, తరువాత ఊరిపెద్ద, ఆ తరువాత పిల్లలు. అంతవరకూ ఆ నీళ్లు ఎవరూ నోట పెట్టరు.

తాయారమ్మకు ఆ మాట ముచ్చటేసింది. సరే అంది.

కొత్త నాడు కొళాయికి మామిడాకులు కట్టారు. కోడిని కోశారు. డప్పులు కొట్టారు. గురమ్మ తన ఆనపబుర్రను ముగ్గు పెట్టి తోమి, కొళాయి కింద కడిగి, నిండా నీళ్లు పట్టి, రెండు చేతులతో తెచ్చి తాయారమ్మ ముందు నిలబడింది. డప్పులు ఆగాయి. దేముడమ్మ చంకలోని అసిరి కూడా నోరు తెరుచుకుని చూస్తోంది.

తాయారమ్మ బుర్ర అందుకుంది. ఆ నీళ్లు తను తెచ్చినవి. ఊట దగ్గర తన చేత్తో రాయి పేర్చి, మూత పెట్టించి తెచ్చిన నీళ్లు. రోగం లేదు. కాచాల్సిన పని లేదు. మొదటి గుక్క తనదే, ఒకరి ఎంగిలి కూడా కాదు. ఇన్నాళ్లూ చెప్పుకున్న సాకుల్లో ఒక్కటీ ఆదుకోవడానికి రాలేదు. అయినా బుర్ర మూతి దగ్గర ఏళ్లతరబడి పెదవులు ఆని నల్లబడిన అంచు కనబడేసరికి చెయ్యి పైకి లేవలేదు.

"ఇయ్యాల ఏకాదశి. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను" అంది.

ఏకాదశి కాదు. అది చూడ్డానికి ఆ ఊళ్లో పంచాంగం లేదు. అడగకుండా వచ్చిన అబద్ధం ఎంత సునాయాసంగా వచ్చిందో చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. బుర్రను కళ్లకద్దుకుని, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని, గురమ్మ చేతిలో తిరిగి పెట్టింది. గురమ్మ, ఉపాసమైతే ఎలాగమ్మా, తప్పు గదా అని తలూపింది. లక్ష్ముడు ఆ నీళ్లు కొళాయి మొదట్లో పారబోశాడు. ఉపాసం అయ్యాక వస్తుంది, అప్పుడు కొత్త చేద్దాం అని జనానికి చెప్పాడు. కోడిని మాత్రం వండుకున్నారు.

దిగేటప్పుడు ఎండ మాడ్చేస్తోంది. దారి మలుపులో రాయి మీద కూర్చుని తాయారమ్మ మరచెంబు మర విప్పి ఎత్తి పట్టుకుంది. సగం నీళ్లు గొంతులోకి, సగం మెడ మీదికి. అప్పుడే వెనక అడుగుల చప్పుడైంది. అతిథికి పండగ తిండి కట్టి పంపకుండా ఉండలేక, గురమ్మ విస్తరాకులో పనసతొనలు చుట్టి కోడలి చేత పంపింది. దేముడమ్మ పిల్లను ఎత్తుకుని అక్కడే నిలబడి ఉంది. తాయారమ్మ నోట్లో నీళ్లు మింగాలో ఉమ్మాలో తెలియలేదు. దేముడమ్మ తప్పు తనే చేసినట్టు కళ్లు దించుకుని, పొట్లం రాయి మీద పెట్టి, గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. పిల్ల మాత్రం తల్లి భుజం మీంచి ఆ చెంబు వంక చూస్తూనే ఉంది.

ఆ రోజునుంచి తాయారమ్మ చింతలబంద వెళ్లలేదు. వెళ్లకుండా ఉండటానికి కారణాలు వెతుక్కుంటే దొరక్కపోవు. ఒకసారి జలుబు. ఒకసారి పక్క కొండ మీద ఊళ్లో పని. ఇంకోసారి గెడ్డ పొంగిందని ఎవరో అన్నారు. సీతంపేట సంతలో చింతలబంద ఆడవాళ్లు చింతపండు బుట్టలతో కూర్చునే చోటు ఆమెకు తెలుసు, ఆ వైపు పోవడం మానేసింది. దేముడమ్మ కళ్లు ఎలా చూస్తాయో అన్న భయం తప్ప ఇంకేమీ లేదు. తను వెళ్లాలని అక్కడ ఒక ఊరు ఎదురుచూస్తోందన్న సంగతి ఆమెకు తెలియదనడానికీ లేదు. కొత్త నాడు లక్ష్ముడు జనంతో అన్న మాట ఆమె చెవిన పడింది. ఇన్నాళ్లు ఆగుతారా, దాహం వాళ్లచేత తాగిస్తుందిలే అనుకుంది. తన దాహం తనచేత తాగించలేదని గుర్తు రాలేదు.

నరసింగరావుగారు ఒకసారి అడిగాడు, చింతలబందలో నీళ్లెలా ఉన్నాయమ్మా అని. బాగున్నాయండి అంది. జనం తాగుతున్నారు గదా అన్నాడు. తాగక ఏం చేస్తారండి అని, గుమ్మడికాయ దొంగలా భుజం మీద కొంగు సర్దుకుంది.

వానలు ముంచుకొచ్చాయి. ఆషాఢం వెళ్లేలోపు ఒక ముసురు పట్టిన పొద్దున లక్ష్ముడు ఆఫీసు మెట్లెక్కాడు. ఊళ్లో బేది పట్టుకుంది, మందు కావాలన్నాడు. నరసింగరావుగారు నమ్మలేదు. కొళాయి పాడైందా అని అడిగాడు. తాయారమ్మ తేలు కుట్టిన దొంగలా బీరువా పక్కన నిలబడిపోయింది.

"కొళాయి బాగానే ఉన్నాది బాబూ. నీళ్లు సక్కగా వస్తన్నాయి, పశువులు తాగతన్నాయి. మాకే కొత్త అవ్వలేదు. ఈ అమ్మ వస్తాది, నోట పెడతాది అని సూస్తన్నాం" అన్నాడు లక్ష్ముడు. ఆమె వైపు చూసి, కోపం లేకుండా, "ఉపాసాలు ఎక్కువయ్యాయేటో అనుకున్నాం" అన్నాడు.

నరసింగరావుగారు ఆమె వైపు తిరిగాడు. ఆమె మొహం చూశాక అడగాల్సింది మిగల్లేదు. మందులు తీసి సంచిలో సర్ది ఆమె చేతికిచ్చాడు.

మరచెంబు బీరువా మీదే ఉండిపోయింది. లక్ష్ముడి వెనకే వానలో తడుస్తూ ఆమె కొండెక్కింది. జారిపడింది, లేచింది. దారంతా ఒకటే అనుకుంది. వెళ్లగానే బుర్ర అడిగి పుచ్చుకుని, ఊరంతా చూస్తుండగా, అడుగు కనబడే దాకా తాగేయాలి. అప్పుడు అన్నీ సర్దుకుంటాయి.

గురమ్మ ఇంట్లో పొయ్యి పక్కన దేముడమ్మ ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తాయారమ్మ కొంగు పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఆమె ఇల్లంతా కలయజూసింది. గురమ్మ చాప పరుస్తూ చెప్పింది.

"అసిరి ఎల్లిపోనాది తల్లీ. మొన్న."

ఆ గొంతులో నింద లేదు. నిందించాలని వాళ్లెవరికీ తెలియదు. గెడ్డ నీళ్లకూ పిల్ల చావుకూ ఉన్న లంకె ఆ ఇంట్లో పూర్తిగా తెలిసిన మనిషి తాయారమ్మ ఒక్కతే. కొళాయి నుంచి ఆ గుమ్మం ఎంత దూరమో కూడా ఆమెకు తెలుసు, గొట్టం వేయించింది తనే. మొదటి గుక్క తాగాక పిల్లలు తాగాలని కదా ఊరు పెట్టుకున్న కట్టు. ఆ పిల్ల వంతుకు ముందు తన వంతే అడ్డంగా కూర్చుంది. సిగ్గు ఆమెను నిలువునా పట్టుకుంది. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

గోడకు తగిలించిన ఆనపబుర్ర చూపించి, "దాంతోనే నీళ్లియ్యి అప్పా" అంది. గురమ్మను పేరు పెట్టి కాకుండా, అక్కను పిలిచినట్టు అప్పా అని పిలవడం అదే మొదలు.

గురమ్మ బుర్ర ముట్టుకోలేదు. వాకిట్లోకి వెళ్లి, వంగిన చూరు గడ్డిలో చెయ్యిపెట్టి, ఒక ఇత్తడి గళాసు బయటికి తీసింది. చింతపండుతో తోమి ఉంది. కొత్తది.

"నీ కోసమే సంతలో కొన్నాం తల్లీ. ఎవులూ ముట్టలేదు" అంది. "ఆ రోజు దారిలో నువ్వు నీ సెంబుతో తాగతన్నావని కోడలు సెప్పింది. అప్పుడు నాకు తెలిసింది. తప్పు మాదే. కింద టీ కొట్టుకాడ మీవోళ్లు వాళ్ల గళాసు మాకియ్యరు, ఏరే సిప్పలో పోస్తారు. ఎవులి సామాను వాళ్లకే గదా మీ ఆచారం. మా బుర్ర నీకిచ్చి నిన్ను ఇబ్బంది పెట్టినాను. ఈ ముక్క సెప్పి పిలుద్దామంటే నువ్వు మళ్లీ రానే లేదు."

తాయారమ్మ కాదు కాదు అంటూ బుర్ర కోసం చెయ్యి చాపింది. వద్దమ్మా, నీకు పడదు అని గురమ్మ ఆ చేతిని మెత్తగా పక్కకు తోసింది. వానలోనే కొళాయి దగ్గరికి నడిచింది. లక్ష్ముడు ముందే కేకేసినట్టున్నాడు, జనం తాటాకు గిడుగుల కింద గుంపుగా చేరారు. గురమ్మ గళాసును గచ్చు మీద పెట్టి, ముంతతో కొళాయి నీళ్లు పట్టి, ఎత్తునుంచి పోసింది. గళాసుకు ముంత తగల్లేదు. ఒక్క చుక్క వెనక్కి చిందలేదు. ఎవరు నేర్పారో తాయారమ్మకు తెలుసు.

ఆమె గళాసు ఎత్తి తాగింది. నీళ్లు చల్లగా, ఊట దగ్గరి రాతి వాసనతో ఉన్నాయి. లక్ష్ముడు తాగాడు. తరువాత పిల్లల్ని ముందుకు తోశారు, వాళ్లు ఎగబడి దోసిళ్లతో తాగారు. ఆనపబుర్ర చేతులు మారుతూ ఊరంతా తిరిగింది. తాయారమ్మ దగ్గరికి వచ్చేసరికి పట్టుకున్నవాళ్లు జాగ్రత్తగా పక్కకు తప్పుకున్నారు. దేముడమ్మ రాలేదు.

మందులిచ్చి, బేది పట్టిన ఇళ్లన్నీ తిరిగి, తాయారమ్మ చీకటి పడకముందే దిగడానికి లేచింది. అది ఏకాదశి కాదని, నాకు అడ్డొచ్చింది ఆచారం కాదు నా బుద్ధి అని, పిల్ల అందుకే పోయిందని చెప్పాలని గుమ్మంలో చాలాసేపు నిలబడింది. చెబితే గురమ్మ ఓదారుస్తుందని తెలుసు. ఆ ఓదార్పు అడుక్కునే మొహం తనకు లేదనుకుంది. అప్పటికి గురమ్మ గళాసును బూడిదతో తోమి, బోర్లించి, చూరులో యథాస్థానంలో దోపింది. మళ్లీ వచ్చినప్పుడు ఇక్కడే ఉంటాది తల్లీ అంది.

కొండల్లోకి పోలీసు క్యాంపులు వచ్చి సంఘం పని ఆగిపోయే దాకా తాయారమ్మ చింతలబంద వెళ్తూనే ఉంది. మరచెంబు మళ్లీ పట్టుకెళ్లలేదు. ఆ ఊళ్లో ఆ తరువాత బేది రాలేదు. వెళ్లిన ప్రతిసారీ బుర్రతో ఇమ్మని అడిగేది. గురమ్మ నవ్వి, మాకు తెలుసులే అని, చూరులోంచి గళాసు తీసేది. తాయారమ్మ వాకిట్లో కూర్చుని తాగేది.